సంధ్యారాణి అమ్మిన మల్లన్న అంగీ

గోదావరిఖని బస్టాండు వెనక సందులో సంధ్యారాణికి చిన్న కుట్టు దుకాణం ఉంది. జాకెట్లు కుడుతూనే ఆమె పాత బట్టల వ్యాపారం మొదలుపెట్టింది. కార్మికుల కాలనీల్లో ట్రంకుపెట్టెల అడుగున పడి ఉన్న చీరలు, శాలువాలు కొని, వాటి వయసు తేల్చి, ఫొటోలు తీసి అమ్మకానికి ఫోనులో పెట్టేది. జరీని గీటురాయి మీద గీసేది, మడతల్లో మిల్లు ముద్ర వెతికేది, చేతి కుట్టో మిషన్ కుట్టో భూతద్దంతో చూసేది. తెలియకపోతే తెలియదనే రాసేది. అందుకే కొనేవాళ్లు ఆమె మాట నమ్మేవారు.

మొన్న మాఘంలో భూపాల్ అనే నడివయసు మనిషి ఎర్రటి పొడుగు అంగీ ఒకటి తెచ్చాడు. ఛాతీ మీద గవ్వలతో కుట్టిన త్రిశూలం, వీపున పడగ విప్పిన పాము. తమ తాత నాటకాలాడేవాడని, అది అప్పటి వేషమని చెప్పాడు. అస్తరు మీది మిల్లు ముద్రను, ఇత్తడి గుండీలను బట్టి అది డెబ్బై ఏళ్ల నాటిదని సంధ్యారాణి తేల్చింది. అయితే మెడ చుట్టూ పసుపు అంటి ఉంది. నాటకం వేషానికి ముఖం రంగు అంటాలి గాని ఇంత పసుపెందుకని ఆమెకు అనుమానం వచ్చింది. అడిగితే బేరం పోతుందని ఊరుకుంది. ‘పాత నాటకం అంగీ’ అని రాసింది. జ్యోతినగర్‌లో పాత గుడ్డలతో కోట్లు కుట్టించి అమ్మే కృష్ణప్రియ వచ్చి దాన్ని కొనుక్కుపోయింది.

నాలుగో రోజు పొద్దున దుకాణం తెరవబోతే మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. వెనక పదిమంది మగవాళ్లు. ఆమె రామకృష్ణాపూర్ సారవ్వ. భర్త ఒగ్గు పూజారి, మల్లన్న కథ పాడుతూ పూజ చేసేవాడు. మల్లన్నకు రంగుల ముగ్గుతో పట్నం వేసి కొలిచేనాడు తప్ప ఆ అంగీ పెట్టెలోంచి బయటికి రాదు. భూపాల్ ఆమె మరిది కొడుకు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసుకెళ్లాడు. ఎవరి ఫోనులోనో ఫొటో చూసి వాళ్లంతా పరుగున వచ్చారు. ఆదివారమే పట్నం.

ఒకతను షట్టర్ మీద చరిచి, ఠాణాకు నడవమన్నాడు. సందులో జనం పోగయ్యారు. సారవ్వ మాత్రం గొంతు పెంచలేదు.

“దేవుని బట్ట అని నీకు ఎరుక లేదా, బిడ్డా?”

లేదంటే సరిపోయేది. తప్పంతా భూపాల్ మీదికి పోయేది. కానీ సంధ్యారాణి అలా అనలేదు.

“అనుమానమైతే వచ్చింది అవ్వా. పసుపు చూసిన. చూసి గూడ అడుగలే.”

మగవాళ్లు ముందుకు కదిలారు. సారవ్వ చెయ్యి అడ్డం పెట్టి, అంగీ ఇప్పుడెక్కడుందని అడిగింది.

కృష్ణప్రియ ఫోను ఎత్తలేదు. త్రిశూలం, పాము కత్తిరించి కోట్లకు అతికిస్తానని కొనేటప్పుడు ఆమె అన్న మాట సంధ్యారాణికి గుర్తొచ్చింది. అక్కడ టైలరు పదింటికి వస్తాడు. తొమ్మిదిన్నర దాటింది. సారవ్వను ఎక్కించుకుని ఆటోలో బయలుదేరింది. రోడ్డు మీద కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆటో నడిచినదానికంటే ఆగినదే ఎక్కువ.

వాళ్లు వెళ్లేసరికి అంగీ బల్ల మీద పరిచి ఉంది. ఎడమ చెయ్యి కుట్లు అప్పటికే విప్పేశారు. పాము చుట్టూ సుద్దగీత ఉంది. టైలరు కత్తెర ఎత్తాడు.

“ఆగన్నా,” అంది సంధ్యారాణి.

చప్పుడుకి లోపలి నుంచి కృష్ణప్రియ వచ్చింది. సంగతి విని కోపగించింది. నాటకం అంగీ అని రాసింది మీరే కదా అని నిలదీసింది.

“అబద్ధం రాసిన మేడం. మీ పైసలు మీకిస్త. అది వాళ్ల దేవునిది.”

సారవ్వ లోపలికి రాలేదు. చెప్పులు గేటు దగ్గరే విడిచి, గుమ్మం బయట నిలబడి అంగీకి దండం పెడుతోంది. కృష్ణప్రియ ఆమెను చూసింది. తర్వాత టైలరు చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టింది.

“తీసుకెళ్లండమ్మా. నాకు తెలీదండి,” అంది.

విప్పిన చెయ్యి తానే కుట్టి ఇస్తానంది సంధ్యారాణి. సారవ్వ ఒప్పుకోలేదు.

“నీ చెయ్యి వద్దు. మా ఇంటోళ్లే కుడ్తరు.”

ఆదివారం సంధ్యారాణి పిలవకపోయినా రామకృష్ణాపూర్ వెళ్లింది. పందిరి బయట ఆడవాళ్ల వెనక నిలబడింది. డోళ్ల మోతలో పూజారి అంగీ తొడుక్కుని పట్నం ముందుకు వచ్చాడు. సారవ్వ ఆమెను చూసింది. పలకరించలేదు, పొమ్మనీ అనలేదు.

సంధ్యారాణి ఇప్పటికీ పాత బట్టలు కొంటోంది. దేవుడి గుర్తులున్నవి వస్తే ఎవరు తొడిగారని అడుగుతుంది, ఇంటి పెద్దలతో మాట్లాడనిదే ముట్టుకోదు. ఇన్ని ప్రశ్నలు పడలేక కొందరు ఆమె దగ్గరికి రావడం మానేశారు.