కారంలో కాపురం పెట్టిన పురుగు

మిరపకాయ దగ్గర ఏ రోగమూ బతకదని మా వైపు అందరికీ ఒక ధీమా. డిగ్రీలో మూడేళ్లు సూక్ష్మజీవుల గురించి చదివిన నాకూ ఆ ధీమా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పెళ్లయి చిలకలూరిపేట దగ్గర పల్లెకు వచ్చాక, మా అత్తగారితోనూ ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లతోనూ కలిసి కారం మిల్లు పెట్టాను. మా చేలో కాయే, మా కల్లంలోనే ఎండబెట్టి, తొడిమ తీసి పట్టించేవాళ్లం. తాడేపల్లిలో ఒక పిల్లల హాస్టల్ వాళ్లు మా కారమే తీసుకుంటామన్నారు, కాకపోతే ముందు ల్యాబులో పరీక్ష చేయించమన్నారు. చేయిస్తే సాల్మొనెల్లా ఉందని రిపోర్టు వచ్చింది. పిల్లల్ని జ్వరాలతో, విరేచనాలతో మంచాన పడేసే బ్యాక్టీరియా అది. మళ్లీ అదే వస్తే లైసెన్సు పోయి మిల్లు మూతపడుతుందని ల్యాబు ఆవిడ చెప్పింది.

మా అత్తగారు అగ్గిమీద గుగ్గిలం అయ్యారు.

"కారంలో పురుగేందమ్మాయ్! కంట్లో పడితే మనిషే గెంతులేస్తాడు, అదెట్టా బతుకుద్ది?"

"ఎండ చాల్లేదేమో అత్తయ్యా," అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

మిగిలిన కాయను ఇంకో మూడు రోజులు గలగలలాడేదాకా ఎండబెట్టి పొడి పట్టించాం. పంపే ముందు ల్యాబు ఆవిడకు ఫోన్ చేసి ఆ మాట చెబితే నవ్వింది. కాలేజీలో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. నీరు తగ్గినంత మాత్రాన ఆ బ్యాక్టీరియా చావదు. తినడం, పెరగడం ఆపేసి, ఒంట్లో ఉన్న కాస్త తేమ పోకుండా చక్కెరలాంటి పదార్థాలను కూడబెట్టుకుని నెలల తరబడి అలా కూర్చుంటుంది. ఎండిపోయినదాన్ని వేడితో చంపడం ఇంకా కష్టం. అంటే నేను దాన్ని చంపడం మాట అటుంచి, రాటుదేల్చాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

చంపలేనప్పుడు రాకుండానైనా చూడాలి కదా. అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెడదామని, కొత్త కోత కాయ ఎండుతున్నప్పుడు ఒక రోజంతా కల్లంలోనే కూర్చున్నాను. సాయంత్రం అత్తగారు బకెట్టు పట్టుకుని వచ్చారు. బాగా ఎండిన కాయను నిల్వకని సంచుల్లో వేసి తొక్కితే ముక్కలైపోతుంది. అందుకని ముందు కాసిని నీళ్లు చిలకరించి మెత్తబరచడం మా వైపు అలవాటు. ఆ నీళ్లు గేదెలు మూతిపెట్టే తొట్టిలోవి.

పరుగున వెళ్లి బకెట్టు పట్టుకున్నాను. "ఆ నీళ్లొద్దత్తయ్యా, అందులోనుంచే వస్తోంది. బోరు నీళ్లు తెస్తానుండండి."

ఆవిడ తొట్టి వైపు చూశారు, కాయ వైపు చూశారు. నలభై ఏళ్లుగా అదే తొట్టి, అదే బకెట్టు. నన్ను తిట్టిపోస్తారనుకున్నాను.

"అసలు నీళ్లే వద్దులే," అన్నారు చివరికి. "మా అమ్మ చల్లేది కాదు. రాత్రిపూట కాయ మీద కప్పిన పట్టా తీసేసి, మెత్తబడేలా మంచుకి ఉంచేది. పొద్దెక్కకముందే తొక్కేసేది. అంత పొద్దున లేవలేకే మేం నీళ్లు చల్లడం మరిగాం."

పాత పొడినంతా గొయ్యి తీసి పూడ్చాం. తగలబెడితే ఊరివాళ్లంతా దగ్గి దగ్గి మమ్మల్ని తరిమేసేవాళ్లు. మిల్లును చుక్క నీరు తగలకుండా ఊడ్చి, స్పిరిటుతో తుడిచాం. కోళ్లూ కుక్కలూ రాకుండా కల్లం చుట్టూ వల కట్టాం. ఆ కొత్త కోత కాయను మంచుకి ఉంచి, తెల్లవారుజామున పది మందిమీ తలగుడ్డలు చుట్టుకుని తొక్కడానికి దిగాం. కాయ తోలులా సాగింది తప్ప విరగలేదు. పట్టించే ముందు మళ్లీ ఎండలో పోస్తే ఆ తేమ కాస్తా ఒక్క పూటలో పోయింది.

రెండో రిపోర్టు ఫోనుకే వచ్చింది. సాల్మొనెల్లా లేదు. పైకి చదివి, మిల్లు ముందే చిన్నపిల్లలా ఎగిరాను. మిగతావాళ్ల కేకలకు రోడ్డు మీద లారీవాడు కూడా ఆగి చూశాడు. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైన రోజు కూడా లేదు.

అత్తగారు వేడన్నంలో నెయ్యి, కొత్త కారం కలిపి వరసగా అందరి చేతుల్లో ముద్దలు పెట్టారు. నా దగ్గరికి వచ్చి ఆగారు.

"తిండి లేకుండా నెలలు కూర్చుంటదన్నావుగా ఆ పురుగు? నేను ఈ కల్లంలో నలభై ఏళ్లు కూర్చున్నా. నాకన్నా మొండిదా అమ్మాయ్ అది!"