ఐరాలలో నాకోసం ఉన్న పుస్తకాలు

పీహెచ్‌డీ సీటు వచ్చింది! నగరిలో మరమగ్గాలు నడిపే మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట, ఇప్పుడు ఇది. నాయనకు ఫోన్‌లో చెప్పి, మరునాడే తిరుపతి హాస్టల్ నుంచి ఐరాలకు బయలుదేరాను. ఆ సీటులో సగం మా తెలుగు సారుది మరి.

సారు నగరి బడిలో పనిచేసినప్పుడు ఆయన ఇంట్లో రెండు బీరువాల నిండా దేవుడి పుస్తకాలుండేవి. ఒకటి చదివి, అందులో ఏముందో చెబితేనే రెండోది ఇచ్చేవారు. నరకంలో శిక్షల బొమ్మల పుస్తకం, తెలుగు ఖురాను, సువార్తలు, చిన్న చిన్న ప్రెస్సుల్లో అచ్చయిన సిద్ధుల చరిత్రలు. మగ్గాల చప్పుడులో కూర్చుని అన్నీ చదివాను. నేతవాళ్ళ పుట్టుక చెప్పే పురాణం ఒకటుండేది. అట్ట ఊడిపోయింది, రాసిందెవరో తెలియదు. ఏ లైబ్రరీలోనూ అది మళ్ళీ కనపడలేదు. నా పరిశోధన దాని మీదే. రిటైరై సొంతూరు ఐరాలకు పోతూ సారు, "ఎమ్మే పాసై రా పాపా, ఇవన్నీ నీవే" అన్నారు. ఆ మాట నమ్ముకునే ఆ అంశం రాసిచ్చాను.

ఆరున్నరకు కాణిపాకం బస్సు. ఆడవాళ్ళకు ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. సీటు కావాలంటే మాత్రం ముందే రావాలి. చంద్రగిరి దాటాక పక్కనున్న పెద్దమ్మ నా కాళ్ళ దగ్గరి సూట్‌కేసు తట్టి చూసింది.

"ఏం మే, ఖాళీ పెట్టె తీసుకొని పోతాండావు? అలిగి పుట్టింటికి పోతాంటే నిండు పెట్టె ఉండాల కదా!"

పుస్తకాల కోసమన్నాను. సీటు సంగతీ చెప్పేశాను. ఎవరికైనా చెప్పాలని నోరు ఊరుకోవడం లేదు.

"ఇంకా సదువుతావా? ఎన్నేండ్లు సదివితే అయిపోతాది మే అది?" అని నవ్వి, సంచిలోంచి ఒక అరటిపండు తీసి చేతిలో పెట్టింది.

ఎనిమిదిన్నరకు కాణిపాకం. అక్కడ ఇడ్లీ తిని, షేర్ ఆటోలో ఐరాల చేరాను. సారు ఇల్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు. వాకిట్లో ఆయన కోడలు చింతపండు ఒలుస్తోంది. వచ్చిన పని చెప్పాను.

"అయ్యో, అవి యాడున్నాయి? ఉగాదికి ముందే చెరువులో వదిలేసినాం."

చిరిగిన దేవుడి పుస్తకాన్ని పాత కాగితాలవాడికి అమ్మరు, చెత్తలో వెయ్యరు. నీళ్ళలో వదులుతారు. మా ఇంట్లోనూ పాత క్యాలెండర్ల దేవుళ్ళను అట్లాగే వదులుతాం. అందుకే కోపగించుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"అన్నీనా అక్కా? ఖురాను, సువార్తలు కూడా?"

"దేవుడి పుస్తకమంటే దేవుడి పుస్తకమే కదా మే. వాటికీ పసుపు కుంకుమ పెట్టినా. ఏమీ తక్కువ సెయ్యలేదు."

లోపల మంచం మీద సారు. చూపు బాగా తగ్గింది. గొంతు గుర్తుపట్టి, "నగరి పాపా!" అని లేచి కూర్చున్నారు. సీటు సంగతి చెప్పాను. పురాణం సంగతి అడిగాను.

"చెదలు పట్టినాయి పాపా. నేనే వదలమంటి."

"నాకు ఒక్క ఫోన్ చేసుంటే వచ్చి తీసుకుపోయేదాన్ని కదా సార్."

"మీ నాయన సంబంధాలు చూస్తాండానని చెప్పినాడు. పెండ్లయినాక ఇంకేం చదువుతుందిలే అనుకుంటి." నా చెయ్యి తడిమి పట్టుకొని, "పోనీలే, అన్నీ నీ తలకాయలో ఉండాయి కదా!" అన్నారు.

సగమే ఉన్నాయి, అదీ పదో తరగతి పిల్లకు అర్థమైనంత. సారు అప్పటికే కిటికీలోంచి పక్కింటాయన్ని కేకేస్తున్నారు.

"ఇట్లా రాప్పా! డాక్టరేట్‌కు పోతాండాది సూడు, నేను చదివించిన పిల్ల!"

అన్నం తినమన్నారు. తిన్నాను. ఉలవచారు బాగుంది.

రెండు గంటలకు చిత్తూరు బస్సు, అక్కడి నుంచి పుత్తూరు మీదుగా నగరి. దారిలోనే నా పీహెచ్‌డీ గైడ్ గారికి ఫోన్ చేసి అంశం మార్చాలని చెప్పాను. ఇంకోటి ఆలోచించుకొమ్మన్నారు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: మీకెవరైనా పుస్తకాలు ఇస్తానంటే, పాసయ్యేదాకా ఆగకండి. ఆ పూటే మోసుకురండి. నేను గడప దాటి ఇంత దూరం వస్తానని నాకు చదువు చెప్పినాయనే అనుకోలేదు.

పుత్తూరు దగ్గర నాయన ఫోన్ చేశాడు.

"సారు ఏమన్నాడు మే?"

"చాలా సంతోషపడినాడు నాయనా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.