లాగ్ ఫైళ్లు మార్చిన ఆదివారం

శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మెట్ల కింద ఉన్న ఏసీ గదిలో ఈశ్వరి ఉద్యోగం. డయాలసిస్ రోగుల వివరాలన్నీ ఉండే డేటాబేస్‌ను చూసుకోవడం ఆమె పని. ఆమెది గజపతినగరంలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. ఇంటికి వెళితే అన్నదమ్ములు సరుకుల సంగతే మాట్లాడుకుంటారు. ఈమె పనేమిటో ఎవరూ అడగరు.

ఆ పని గురించి మాట్లాడుకోవడానికి ఆమెకు ఉన్నది సీతారామారావు ఒక్కరే. పని నేర్పింది ఆయనే. బాబాయి అని పిలిచేది. ఏ చిక్కు వచ్చినా ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని వాదించుకునేవారు. కిందటి వేసవిలో ఆయన గుండెపోటుతో పోయారు. అప్పటినుంచి ఆ గదిలో యంత్రాల ఫ్యాన్ల హోరు తప్ప మరో చప్పుడు లేదు.

వానాకాలం మొదట్లో డిస్కు నిండిపోవచ్చింది. డేటాబేస్ ప్రతి మార్పునూ ముందు లాగ్ ఫైల్లో రాసుకుని, తరవాత అసలు చోట చేరుస్తుంది. అసలు చోటు పాడైనా లాగ్ ఉంటే మళ్లీ నిలబెట్టుకోవచ్చు. ఇక్కడ రెండూ ఒకే డిస్కులో ఉన్నాయి. అది సీతారామారావు పెట్టినదే. అప్పట్లో ఉన్నది ఒక్క డిస్కే మరి.

కొత్త డిస్కు తెప్పించి, ఓపీ లేని ఆదివారం మధ్యాహ్నం ఈశ్వరి లాగ్‌లను అందులోకి మార్చే పనికి కూర్చుంది. లాగ్‌లు ఎక్కడ రాయాలో డేటాబేస్‌కు చెప్పే వరస, సెట్టింగుల ఫైల్లో ఆయన టైపు చేసినది. దాన్ని చెరపడానికి చాలాసేపు చేయి ఆడలేదు. చివరికి మార్చి, డేటాబేస్‌ను మళ్లీ మొదలుపెడితే అది లేవలేదు. ఆమె ఫోను తీసి ఆయన నంబరు నొక్కబోయి ఆగిపోయింది. ఫోను బల్ల మీద బోర్లించింది. తప్పెక్కడుందో తనే వెతుక్కుంది. కొత్త ఫోల్డరులో రాసే అనుమతి డేటాబేస్‌కు ఇవ్వలేదు. అది ఇవ్వగానే డేటాబేస్ లేచింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

నెల తిరగకుండానే పిడుగు పడి పాత డిస్కు పోయింది. పొద్దున్నే వచ్చిన రోగులు బయట బెంచీల మీద వేచి ఉన్నారు. ఈశ్వరి వారం నాటి బ్యాకప్‌ను మరో యంత్రంలో ఎక్కించి, కొత్త డిస్కులోని లాగ్‌లను దాని మీద నడిపించింది. ముందురోజు సాయంత్రం నర్సు ఎక్కించిన ఆఖరి వివరంతో సహా అంతా తిరిగొచ్చింది. మేనేజరు ధనరాజ్ తలుపు దగ్గర నిలబడి, ఏమీ పోలేదు కదా అని అడిగాడు. లేదంది. సరేనని వెళ్లిపోయాడు. బయట పేర్లు పిలవడం మొదలైంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లలేదు. ఆటో ఎక్కి అరసవల్లిలో సీతారామారావు ఇంటికి వెళ్లింది. కర్మకాండ తరవాత మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆయన భార్య పద్మకుమారి తలుపు తీసింది.

"పిన్నీ, బాబాయి పెట్టింది నేను మార్చేశాను. ఆ మార్చడం వల్లే ఈ వేళ అంతా దక్కింది. ఎవులికి సెప్పాలో తెలీక వచ్చాను."

పద్మకుమారి ఆమెను చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

"కూకో. నాకేటీ అర్థం కాదు గానీ, మొదట్నించీ సెప్పు. ఆయనా ఇలాగే సెప్పీవోరు. ఇంట్లో ఆ మాటలు వినపడి ఎన్నాళ్లయిందో."

ఈశ్వరి డిస్కు నిండిన దగ్గరనుంచి మొదలుపెట్టింది. పద్మకుమారి పక్కన కూర్చుని ఊఁ కొడుతూ వింది.