పాడె మీద నవ్వు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎలా ఉంటుంది? మా ఊళ్ళో తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. చెరువు కట్ట మీద తెల్లచీర ఆవిడ నాది. పాత పశువుల ఆసుపత్రి వెనకాల దగ్గే ముసలాయన కూడా నావాడే. డెబ్బై రెండేళ్ళొచ్చినా ఆ అలవాటు పోలేదు. కాబట్టి ఇప్పుడు రాసేది మా ఊరివాళ్ళెవరూ నమ్మరు. అయినా ఎక్కడెక్కడ పెంచి చెప్పానో నేనే ఒప్పేసుకుంటూ రాస్తాను.

మాది పొదిలికీ కనిగిరికీ మధ్య మెట్ట ఊరు. మా పొలంలో నాన్న కట్టించిన పొగాకు బ్యారన్ ఉంది, పచ్చాకు వేలాడదీసి మంట వేడికి ఎండబెట్టే ఎత్తైన గది. ఆకు కాల్చడం మానేసి చాలా ఏళ్ళయింది. పైన రేకులు గాలివానకి లేచిపోయి, నాలుగు గోడలూ ఒక గుమ్మమూ మిగిలాయి. దాని పక్కనే మిరప కల్లం.

రెండేళ్ళ కిందట, కాయలు ఎండబోసిన రోజుల్లో, సినిమావాళ్ళు దిగారు. ఇరవై లారీలు వచ్చాయి. సరే, రెండు వ్యాన్లు, ఒక కారు. చిన్న దెయ్యం సినిమా. డైరెక్టరు బ్యారన్ చుట్టూ తిరిగి బాగానే ఉందన్నాడు గానీ ముఖంలో ఇంకా ఊగిసలాటే. అది చూశాక నా నోరు ఊరుకోలేదు. ఇందులో ఆకు కాలుస్తుండగా ఒకావిడ లోపల చిక్కుకుని చచ్చిపోయిందనీ, పేరు సింగరమ్మ అనీ, ఎండ మండే మధ్యాహ్నాల్లో గుమ్మంలో నిలబడి కల్లం వైపు చూస్తుంటుందనీ చెప్పాను. అతను అక్కడికక్కడే కథలో దెయ్యం పేరు మార్చేశాడు. ఆవిడ చావు సీను కూడా ఒకటి కలిపాడు.

దెయ్యం వేషం కట్టినమ్మాయి పేరు అరుణ. పొన్నూరు పిల్ల. మేకప్‌లో ఆమెను మొదటిసారి చూసి నేను స్పృహ తప్పి పడిపోయాను. పడలేదు లెండి. చేతిలో టీ ఒలికింది, అంతే.

అది పద్నాలుగో దెయ్యమట ఆమెకి. పద్నాలుగు సినిమాల్లో శవంగా పడుకున్నప్పుడు తప్ప ఎక్కడా సొంత ముఖం లేదు. తెల్లవారకముందే కూర్చోబెట్టి ముఖానికి రబ్బరు చర్మం అంటించేవారు. కళ్ళల్లో తెల్ల లెన్సులు. వాటితో అడుగు దూరం కూడా సరిగా కనపడదు. పైగా మా కల్లం ఘాటు. లెన్సుల వెనక కళ్ళు మండిపోతుంటే, తుడుచుకుంటే మేకప్ పోతుందని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. అన్నం నమలడం కుదరక స్ట్రాతో మజ్జిగ తాగేది. అదీ దూరంగా, వ్యాను నీడలో ఒక్కతే. ఆ ముఖం ఎదురుగా ఉంటే ముద్ద దిగదని యూనిట్‌వాళ్ళే చెప్పేశారట. మా కాయల కూలీలైతే కల్లానికి రావడమే మానేశారు.

రోజూ మేకప్‌కి ముందు బ్యారన్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి దణ్ణం పెట్టేది. అమ్మా సింగరమ్మా, పొట్టకూటి కోసం నీ వేషం కడుతున్నాను, ఏమీ అనుకోకు అని. ఏ ఊళ్ళో చేసినా అక్కడ పోయినవాళ్ళకి అలా చెప్పుకుంటుందట. అది విన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో గుచ్చుకునేది. నోరు మూసుకున్నాను.

ఆమెకి ఆరేళ్ళ కూతురుంది. పొన్నూరులో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. షూటింగు రోజుల్లో వీడియో కాల్ చేయదు, పిల్ల జడుసుకుంటుందని. దానికి బదులు ఇంకోటి పంపుతుంది. సినిమావాళ్ళకి ఒక ఆనవాయితీ ఉందట. శవంగా పడుకున్న మనిషి లేవకముందే, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు తీస్తేనే కీడు పోతుందని. అది సినిమాలో పెట్టరు. అరుణ మాత్రం ప్రతి సినిమాలోనూ ఆ నవ్వు తన ఫోన్‌లో తీయించుకుని పిల్లకి పంపేది. ఆ పాప తల్లి సినిమా ఒక్కటీ చూడలేదు. నవ్వులే చూసింది.

అంతకుముందు సినిమాలో మాత్రం తొందరలో ఆ నవ్వు తీయలేదట. ఇంటికెళ్తే పిల్ల తలుపు చాటుకి పోయి, ఈవిడ మా అమ్మ కాదంది. నెల రోజులు దగ్గరికి రాలేదు. ఈ మాట అరుణ నాతో చెప్పినప్పుడు ఏడవలేదు. లెన్సులున్నాయి కదా.

ఆఖరి రోజు చావు సీను. మేకప్ లేదు, ముఖానికి పసుపు, ముక్కుల్లో దూది. పాడె కట్టి దాని మీద బ్యారన్ ముందు ఎండలో పడుకోబెట్టారు. మధ్యాహ్నం మూడున్నర అయ్యుంటుంది. షాటు అయింది. ఎండ ఉండగానే మిగిలిన షాటు తీయాలని అందరూ కెమెరా ఎత్తుకుని కల్లం వైపు పరిగెత్తారు. అరుణ లేవలేదు.

డైరెక్టరు వెనక్కి వచ్చాడు. "అరుణగారూ, ఎండ పోతోంది. నవ్వు హైదరాబాద్‌లో తీసుకుందాం లెండి."

"లేచాక నవ్వితే లెక్క కాదు సార్. మీకేం, మా పాప గుర్తుపట్టాల్సింది మిమ్మల్ని కాదుగా," అంది, కళ్ళు తెరవకుండానే.

అతను ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, పెద్దాయనా మీరు తీయండి, ఒక్క నిమిషం అన్నాడు. నేను పాడె పక్కన గొంతుక్కూర్చుని బొత్తాం నొక్కాను.

అరుణ కళ్ళు తెరిచి నవ్వింది. వచ్చింది దెయ్యం నవ్వు. నాలుగు రోజులుగా విన్నదే. గొంతు అడుగునుంచి గీరుకుంటూ వచ్చే నవ్వు. కల్లం మీద కాకులన్నీ ఒక్కసారి లేచాయి. కాకులు లేవు, మిరపకాయల దగ్గర కాకులకేం పని. కానీ అటు పోతున్నవాళ్ళందరూ ఆగిపోయిన మాట నిజం. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. కంటి కొసల్లోంచి నీళ్ళు పసుపు మీదుగా చెవుల్లోకి జారాయి.

"బాబాయ్ గారూ, నాకు మామూలు నవ్వు రావడం లేదు. ఏదన్నా చెప్పండి," అంది.

"అమ్మాయ్, సింగరమ్మ మా గేదె," అన్నాను.

ఆమె నా వైపు కళ్ళు తిప్పింది.

"మనిషి కాదు తల్లీ. రెండు ఈతలు ఈని చచ్చిపోయింది. నాలుగు రోజులుగా నువ్వు చెప్పులు విడిచి మొక్కుతోంది దానికే. మొదటి రోజు మీ డైరెక్టరు కొబ్బరికాయ కొట్టిందీ దానికే."

 అరుణ ముందు పెదవులు బిగపట్టింది. తర్వాత పాడె ఊగిపోయేట్టు నవ్వింది. ముక్కులో దూది ఎగిరొచ్చి నా చొక్కా మీద పడింది. ఇది పెంచి చెప్పడం కాదు. లైట్లవాళ్ళూ డ్రైవర్లూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె లేచి కూర్చుని ఆ వీడియో అప్పుడే పొన్నూరుకి పంపింది. సాయంత్రానికి వ్యాన్లు వెళ్ళిపోయాయి.

వారం తర్వాత ఫోన్ చేసింది. గుమ్మంలో అడుగు పెట్టగానే పాప వచ్చి మెడకి చుట్టుకుందట. ఆ మాట చెప్పి ఇంకోటి అడిగింది.

"బాబాయ్ గారూ, ఆ రోజు మన దగ్గర ఇంకో ఆడమనిషి ఎవరున్నారు?"

ఎవరూ లేరు. హీరోయిన్ పని ముందురోజే అయిపోయి వెళ్ళిపోయింది. మేకప్ చేసేది మగవాడే. మా కూలీలు రావడమే లేదు. అదే చెప్పాను. పాప ఆ వీడియో చూసి, "నీతోపాటు నవ్వే ఆవిడ కనపడదేం?" అని అడిగిందట.

నాకూ పంపింది. విన్నాను. అరుణ నవ్వుంది, మగవాళ్ళ నవ్వులున్నాయి. మధ్యలో అరుణ ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట ఇంకో నవ్వు ఉంది. వయసు మళ్ళిన ఆడగొంతు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వినట్టు ఉంటుంది. నేను కూర్చున్న చోటికి బ్యారన్ ఎడమ పక్క. ఆ నవ్వు ఎడమ పక్కనుంచే వస్తుంది.

గోడల ప్రతిధ్వని అనుకున్నాను. మూడు రోజులు అదే వేళకి వెళ్ళి అక్కడే గొంతుక్కూర్చుని చప్పట్లు కొట్టాను, అరిచాను, ఆ వీడియోనే పెద్దగా పెట్టాను. కప్పు లేని గోడలు. ఏదీ తిరిగి రాలేదు. మూడో రోజు గుమ్మంలోకి వెళ్ళి చూడబోయి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే చెప్పలేను.

పాప ఆ వీడియో రోజూ చూస్తుందట. రెండో నవ్వు వచ్చేచోట తనూ నవ్వుతుందట. పిల్లకి భయం లేదు, నన్ను ఎత్తుకోమంటోంది, అదే చాలంది అరుణ. మళ్ళీ అడిగింది, గేదె సంగతి నిజమేనా బాబాయ్ గారూ అని. నిజమేనన్నాను.

నిజం కాదు. మాకు ఆ పేరుతో గేదె ఎప్పుడూ లేదు. ఆ అమ్మాయిని నవ్వించాలని అప్పటికప్పుడు అల్లేశాను. ఆమెకి ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు, చెప్పను.

నేను పుట్టించిన దెయ్యాల్లో వేటికీ పేర్లు లేవు. పేరు పెట్టడం నాకు అలవాటు లేదు. మా ఇంట్లోగానీ చుట్టాల్లోగానీ సింగరమ్మలు లేరు. ఊళ్ళో నాకంటే పెద్దవాళ్ళు ఇద్దరే మిగిలారు, వాళ్ళనీ అడిగాను, గుర్తు లేదన్నారు. సినిమావాళ్ళు దిగిన రోజు బ్యారన్ గుమ్మానికి వీపు పెట్టి, డైరెక్టరు ముందు నిలబడి నోరు తెరిచాను. ఆ పేరు వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకు తెలియదు.