రొంటిన దాచిన బరువు

ఆ ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో, సిద్ధగోరా బస్తీలో ఆ మలుపుకు తెల్లవారేది నూకమ్మ ఇడ్లీ పాత్ర ఆవిరితోనే. టెక్కలి వైపు నుంచి కొత్త పెళ్ళికూతురిగా వచ్చి ముప్పైయేళ్ళు దాటినా అదే మలుపు, అదే బండి. షిఫ్టుకు పోయేవాళ్ళు నాలుగడిగితే ఐదు వేసే చెయ్యి అది. కోడలు సౌజన్య కడుపుతో ఉందని తెలిశాక మాత్రం, ఇంట్లో ఆ చెయ్యి ముడుచుకుంది.

“సాలమ్మా. బిడ్డ లావయితే కాన్పు కట్టం,” అని అన్నం గిన్నె మీద మూత పెట్టేసేది.

ఆ మూత చప్పుడు వెనక ఏముందో సౌజన్యకు తెలుసు. నూకమ్మ తొలిచూలు బిడ్డ బాగా లావు. రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డ దక్కలేదు. అందుకే సౌజన్య ఆకలని ఎన్నడూ అనలేదు.

ఆరో నెలలో, బస్తీలో గర్భిణులను చూసుకునే సహియా సోనీ, సౌజన్య తూకం కార్డు చూసి నుదురు చిట్లించింది. నెలంతా కలిపి పావుకిలో కూడా పెరగలేదు. వచ్చే నెలా ఇలాగే ఉంటే అత్తగారినే నిలదీస్తానంది.

అత్తను పరాయివాళ్ళు మాట అనడమా? భర్త హరిప్రసాద్ గమ్హరియా ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేస్తాడు. తూకం రోజున అతని సంచిలోంచి నాలుగు లావుపాటి ఇనుప నట్లు తీసి, గుడ్డలో చుట్టి, రొంటిన దోపుకుంది సౌజన్య.

అంగన్‌వాడీలో ముల్లు ముందుకు జరిగింది. సోనీ మొహం విప్పారింది. దిగబోతూ సౌజన్య కాస్త వంగింది. ఠంగుమని ఒకటి, దాని వెనకే మూడు. ఒకటి దొర్లుకుంటూ పోయి తోడొచ్చి గుమ్మంలో కూర్చున్న నూకమ్మ కాలి దగ్గర ఆగింది.

“ఏటే ఇది?”

“మీ అబ్బాయివే, అత్తా.”

“ఆడివని నాకు తెల్దేటి? నీ రొంటిలో ఏటి సేత్తన్నాయి?”

“నిన్నెవరూ ఏటీ అనకూడదని...” సౌజన్య మిగతా నట్లు ఏరసాగింది.

సోనీ కోప్పడలేదు. నూకమ్మ పక్కన చతికిలబడి, హిందీలో మెల్లగా చెప్పింది. బిడ్డ బరువు మూడు కిలోలే. తల్లికి పెరగాల్సిన మిగతాదంతా రక్తం, ఉమ్మనీరు, రేపటి పాలకు దాచుకున్న బలం. పస్తుంటే కాన్పు తేలికవదు, తల్లీబిడ్డలు నీరసిస్తారు.

“నీ తొలికాన్పు సంగతి విన్నాను. ఆ రోజు నీ పక్కన ఎవరున్నారు, అమ్మా?”

నూకమ్మ కాలి దగ్గరి నట్టు చేతిలోకి తీసుకుంది. “ఎవలూ నేరు.”

“ఈమె పక్కన డాక్టరుంటుంది. నేనుంటాను.”

ఆ మధ్యాహ్నం గిన్నె మీద మూత పడలేదు. పప్పు, గుడ్డు, రెండో గరిటె అన్నం. “ఇనుం మోసినోలని సానామందిని సూసేను. నువ్వు అన్నం తిను,” అంది నూకమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

మరుసటి నెల తూకానికి ముందు ఆమే కోడలి నడుమంతా తడిమి చూసింది. చెప్పులు విప్పించింది, గాజులు తీయించింది. “ఇప్పుడెక్కు.” ముల్లు రెండు కిలోలు పైకి పోయింది. నూకమ్మ ఆ యంత్రానికి దణ్ణం పెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఆ చిన్ని తొడల మడతలు నిమురుతూ, ఈ మెత్తదనమంతా అత్త చేతి వడ్డనే అనుకుంది సౌజన్య. అక్కడ మలుపులో, నాలుగడిగిన వాళ్ళకు ఆరు వేస్తూ, అడగని వాళ్ళకు కూడా మనవరాలి బరువు చెబుతోంది నూకమ్మ.