కోనసీమకు తిరిగొచ్చిన పీచు

యుద్ధం రోజుల్లో ఒక సాయంత్రం జొన్నాడ రేవులో పడవ కోసం కూర్చున్నాను. పక్కనే ఒకాయన రెండు బస్తాల కొబ్బరి పీచుతో నిలబడి ఉన్నారు. నా నోరు ఊరుకోదు కదా.

“కోనసీమకి పీచు పట్టుకెళ్ళే మనిషిని మిమ్మల్నే చూశానండీ,” అన్నాను.

“మా బావగారు ఇచ్చిందేనండి. తిరిగి ఇచ్చేద్దామని,” అన్నారాయన.

వాళ్ళ ఇల్లు రాజమండ్రి దగ్గర ఏరోడ్రోమ్ పక్కనట. విమానాల మోతకి చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, కిటికీలన్నిటికీ పీచు కుక్కి పైన గోనెపట్టాలు కొట్టారట.

“అయితే మోత తగ్గలేదా?”

“బాగా తగ్గిందండి. పెరట్లో మా అమ్మ పడిపోయింది. పిలిచే ఉంటుందండి. మాకు వినపడలేదు. చూసేసరికి పోయింది.”

అయినా నేను వాదించాను. “ఇప్పుడు పీచు తీసేస్తే ఆవిడ తిరిగొస్తారా? పిల్ల నిద్ర సంగతేమిటి?”

“ఆయ్, పిల్ల అలవాటు పడిందండి. నాకే, విమానం వచ్చినప్పుడల్లా ఆ మోతలో అమ్మ పిలిచినట్టుంటుంది. ప్రతిసారీ పెరట్లోకి వెళ్ళి చూసొస్తుంటానండి.”

పడవ వచ్చింది. ఒక బస్తా నేనెత్తి పడవలో పెట్టాను.

ఇప్పటికీ అమలాపురం మీదుగా విమానం పోతే మా ఇంట్లో అందరూ ఆకాశంలోకి చూస్తారు. నేను పెరట్లోకి వెళ్ళి చూసి వస్తాను.