సుందరరాజులు కప్పిన పొన్నాడ

మా మరిది సుందరరాజులు రాక్ బ్యాండు చూశాడు. గుడియాత్తం బజారులో ఈ సంగతి తెలియనివాడు లేడు. ఎవడికైనా తెలియకపోతే నిలబెట్టి మరీ చెబుతాడు. మొదట్లో అది బెంగళూరు బ్యాండు. కూతురి పెళ్లి నాటికి బొంబాయి బ్యాండు అయింది. ఇప్పుడు మనవళ్లకు చెప్పేటప్పుడు లండన్ నుంచి దిగుతోంది. ఇంకొన్నాళ్లు పోతే చంద్రమండలం నుంచి తెప్పిస్తాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను గనక ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాది తుండుగుడ్డల వ్యాపారం. మా తమిళ సీమలో ఏలే పార్టీ రెండు కళగాలుగా చీలినప్పుడు ఊళ్లో అన్నదమ్ములు మాటలు మానేశారు. మా మరిది మాత్రం రెండు పార్టీల రంగుల అంచులూ నేయించి ఒకే అరలో పెట్టి అమ్మాడు. "సిద్ధాంతం వాళ్లది, నూలు మనది వొదినా" అనేవాడు. తెలివిలేనివాడేం కాదు. అతనికున్న జబ్బల్లా ఒకటే: మైకులో తన పేరు వినబడాలి.

మా వైపు అందుకు ఒకటే దారి. వేదిక మీది పెద్దమనిషికి పొన్నాడ, అంటే జరీ అంచు శాలువా, కప్పాలి. కప్పినవాడి పేరు మైకులో చదువుతారు, జనం చప్పట్లు కొడతారు. ఊళ్లో పొన్నాడలు అమ్మేది మావాడు. పేర్లు మోగేది కొన్నవాళ్లవి. బియ్యం మండీ బలరామయ్య పేరు విని విని మా చెవులు తుప్పుపట్టాయి. మావాడూ ప్రతి సభలో శాలువా పట్టుకుని వరుసలో నిలబడేవాడు. అతని వంతు వచ్చేసరికి జిల్లా నాయకుడు ఏళుమలై గొంతు సవరించుకుని ప్రసంగం మొదలుపెట్టేవాడు.

ఎమర్జెన్సీకి ముందు సంవత్సరం ఆంబూరు బూట్ల ఫ్యాక్టరీ యజమాని ఒకాయన, తన సరుకు కొనే దొరలను సంతోషపెట్టడానికి వేలూరు మైదానంలో రాక్ బ్యాండు పెట్టించాడు. ఊరందరికీ ఉచితం. ఏళుమలై ముఖ్య అతిథి. మరిది కొట్లో ఉన్నవాటిలో మంచి పొన్నాడ చంకన పెట్టుకుని నన్నూ, తన భార్య కోమలనూ బస్సెక్కించాడు.

లత్తేరి దాటగానే, "ఈ పొద్దు వదిలేదిల్లా వొదినా. ముందర కప్పేది నేనే" అన్నాడు.

"పేరు మోగాలంటే వేలూరు దాకా పోవాల్నా? వీధిలో నిలబడి నేనే అరస్తును" అంది కోమల.

"మొగుని పేరు ఆడది చెప్తే ఆయుస్సు తగ్గతాది, ఊరికే ఉండు."

ఏళుమలై వేళకు రాలేదు. వస్తే నాయకుడెలా అవుతాడు? బ్యాండువాళ్లు ఆగకుండా మొదలుపెట్టారు. భుజాలదాకా జుట్టు, వీధులు ఊడ్చే ప్యాంట్లు. గిటారుకు కరెంటు పెట్టారు. తీగ మీటగానే నా చెవికమ్మలు ఊగాయి. డ్రమ్ములవాడు పాలివాళ్ల మీద పగ తీర్చుకుంటున్నట్టు బాదాడు.

"ఒంట్లో బాగలేదా అక్కా వాళ్లకు?" అంది కోమల.

"బాగుండబట్టే ఎగరతా ఉండారు" అన్నాను. నిజం చెప్పాలంటే నా కాలు కూడా ఆడింది. చీర కుచ్చిళ్ల కింద గనక ఎవరికీ కనబడలేదు.

చూస్తుండగానే మరిది వేదికెక్కాడు. ఏళుమలై లేకపోతే ఏం? వేదిక ఉంది, మైకు ఉంది, చేతిలో పొన్నాడ ఉంది. గిటారువాడు కళ్లు మూసుకుని తీగలను ఏడిపిస్తున్నాడు. మావాడు వెనకగా వెళ్లి గిటారుతో సహా, చేతులతో సహా చుట్టబెట్టేశాడు. పాట గొంతు నులిమినట్టు ఆగిపోయింది. శాలువా కనబడితే మా జనానికి చేతులు వాటంతటవే లేస్తాయి, మైదానమంతా చప్పట్లు. అది చూసి, తనూ శాలువాతో వచ్చిన బలరామయ్య ఊరుకుంటాడా? అతని వెనక తక్కిన వర్తకులు. ఏళుమలై కోసం తెచ్చిన శాలువాలన్నీ పైకెక్కాయి. కాసేపటికి ఆ బ్యాండు మొత్తం తలంటుకుని చలికి ముసుగేసుకున్న బాలింతల్లా తయారైంది.

పాడేవాడు మంచివాడు, కోప్పడలేదు. మావాడి భుజం మీద చెయ్యేసి, "ఉంగ పేరు ఎన్న సార్?" అని తమిళంలోనే పేరడిగి మైకు మావాడి నోటి దగ్గర పెట్టాడు.

కోమల నా చెయ్యి పట్టేసుకుంది. "చెప్తాడక్కా, ఇప్పుడు చెప్తాడు!"

మైదానం చెవులు రిక్కించింది. ఇన్నేళ్లు దేనికోసం పడిగాపులు కాశాడో అది మూతికి తగులుతోంది. మావాడు నోరు తెరిచాడు, మూశాడు, చెమట తుడుచుకున్నాడు. బుద్ధెరిగినప్పటినుంచి మైకులో ఏది విన్నాడో అదే బయటికొచ్చింది. చెయ్యెత్తి, "అణ్ణన్ ఏళుమలై!" అని నాయకుడి పేరు కేకపెట్టాడు.

"వాళ్గ!" అని జిందాబాద్ కొట్టింది మైదానం. దానికీ వచ్చింది అదొక్కటే. సరిగ్గా అప్పుడే ఏళుమలై కారు లోపలికొచ్చింది.

తిరుగు బస్సులో అడిగాను. "వాడు నీ పేరే కదప్పా అడిగినాడు?"

"గొంతు దాకా వచ్చినాది వొదినా. చూస్తే అణ్ణన్ పేరు ముందర నిలబడి ఉండాది."



అంతమంది చేత తనకు జై కొట్టించిన గొంతును ఏళుమలై వదులుకుంటాడా? ఆంబూరైనా, విరించిపురమైనా, సభ యాడుంటే ఆడికి కారు పంపించాడు. మొదట మైకు పట్టేది మావాడే. ఏళుమలై పోయాక ఆయన కొడుకు పేరు అరిచాడు. కొడుకు ఓడాక, అవతలి కళగంలోకి దూకిన అల్లుడి పేరు అరిచాడు. ఇంటికొచ్చి ఉప్పునీళ్లు పుక్కిలించేవాడు. మైకు కోసం బెంగపడ్డవాడికి మైకు బతుకంతా దొరికింది. అందులో అతని పేరు మాత్రం ఎవరూ చదవలేదు.

మొన్న ఉండబట్టలేక అన్నాను: "ఒక్క దినమైనా నీ పేరు నువ్వే చెప్పుకోవచ్చు కదప్పా, మైకు నీ చేతిలోనే ఉండె?"

"చెప్తే చెప్తును వొదినా. వాళ్గ అనేదానికి కింద ఎవురుండారు?"